నాలుగువేళ్ల పాదం

మా పాత చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని, దాని కథలు రాసే పని నేనే మీదేసుకున్నాను.

గుమ్మం మెట్టు మీది పాదం గుర్తుకు నూనె రాస్తున్న, చర్చి ఊడ్చే లూర్దమ్మను, అదెవరిదని అడిగాను.

“మొదటి ఫాదర్‌ది. అడుగు పెడితే మెట్టు వెన్నలెక్క కరిగింది. వేళ్లు నాలుగే సూడు, ఒకటి పులి తిన్నది. మొక్కితే మోకాళ్ల నొప్పులు పోతయి. బూట్లిడిసి మొక్కు, సారూ.”

మొక్కాను. బూట్లు విప్పలేదు.

“గింత గర్వమా!” అంది లూర్దమ్మ.

ఎనభై ఆరులో ఫ్యాక్టరీలో కాలి చిటికెనవేలు పోయాక, ప్రాణం దక్కిందని మొక్కు తీర్చుకోవడానికి ఆ మెట్టుకు సిమెంటు పూసి, ఆరకముందే తొక్కింది నేనే.

పుస్తకంలో పులినే రాశాను. నా మోకాళ్లు మాత్రం ఇంకా నొస్తూనే ఉన్నాయి.