ఎవరూ ఎత్తొద్దు

"నువ్వు సన్నబడితే ఎట్లక్కా? తెలంగాణ వచ్చేదాక జర ఆగు" అన్నాడు శ్రీపాల్, ఇంకా గుమ్మంలో ఉండగానే.

బషీరున్నీసా చెవిన పెట్టలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో రెండు నీళ్ల సీసాలు పైకీ కిందికీ ఎత్తుతోంది. కుట్టుమిషన్ మీద తెరిచి పెట్టిన, ఒళ్లు తగ్గించే కసరత్తుల పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అలా. చెమట ధారలు కడుతోంది. చిన్నప్పుడే పోలియో వచ్చిన కాళ్లు రెండూ కుర్చీ కింద వాటి మానాన అవి ఉన్నాయి.

శ్రీపాల్ బాధ శ్రీపాల్‌ది. మానుకోటలో ఉద్యమం పనులన్నీ నెత్తినేసుకున్న మనిషి. పోయిన రైల్‌రోకోలో పోలీసులు అందర్నీ రెక్కపట్టి లేపి వ్యాను దాకా నడిపించారు. పట్టాల మీద మిగిలింది బషీరున్నీసా ఒక్కతే. ఆమెను ఎత్తబోయిన ఆడ కానిస్టేబుళ్లకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఇద్దరు పడితే కదల్లేదు, నలుగురు పడితే కదిలి మళ్లీ కూలబడింది. అంతసేపూ రైలు కూత పెడుతూ నిలబడే ఉంది. మర్నాడు ఆ ఫొటో పేపర్లో పడితే, శ్రీపాల్ కత్తిరించి దీక్షా శిబిరంలో అంటించాడు. ఊరంతా ఆమెను మెచ్చుకుంది. ఆమె మాత్రం ఆ పేపరు చూసి ఆ పూట అన్నం ముట్టలేదు.

"గా ఫొటోల నన్నెట్ల పట్టుకున్నరో సూసినవా తమ్మీ? వడ్ల బస్తాను పట్టుకున్నట్టు. మీరందరు నడుసుకుంట పోయిండ్రు. నన్నొక్కదాన్నే మోస్కపోయిండ్రు" అంది, సీసాలు దించకుండానే.

"నీ బరువుకే గదక్కా రైలు ఆగింది."

"బరువుకు ఆగితే అండ్ల నా గొప్పేంది? ఈసారి జైలుకు పోతే నా కాళ్ల మీద నేనే పోత. ఎవ్వరు ఎత్తొద్దు."

బరువు తగ్గితే కాళ్లకు ఇనుప పట్టీలు కట్టుకుని చంక కర్రలతో నిలబడొచ్చని దవాఖానలో చెప్పారట. ఇప్పుడున్న బరువుకైతే పట్టీలు ఆగవట. బుద్ధెరిగినప్పటి నుంచి ఒకరు ఎత్తితే తప్ప కదలని మనిషికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆమెతో లాభం లేదని శ్రీపాల్ పుస్తకం మీద పడ్డాడు. అది గ్రంథాలయం పుస్తకం. అక్కడ పనిచేసే మహిపాల్ స్వయంగా ఇంటికి తెచ్చిచ్చాడు. ఆ గ్రంథాలయంలో చదివినవాళ్లంతా ఆఖరి ఖాళీ పేజీలో తమ తీర్పు రాసి పోవడం రివాజు. అక్కడ మెప్పు పొందడమంటే మాటలు కాదు. పేరున్న నవలల వెనకే 'సాగదీశాడు' అనీ, 'హీరోయిన్‌కు బుద్ధి లేదు' అనీ రాసి పారేసిన పాఠకులు. అలాంటిది ఈ పుస్తకం వెనక అన్నీ పొగడ్తలే. ఒకరు నల్ల సిరాతో, ఒకరు ఎర్ర సిరాతో, ఇంకొకరు పెన్సిల్‌తో. 'అద్భుతం. నడవలేని మా అత్త ఇది చదివి సగమైంది.' 'ప్రతి ఇంట్లో ఉండాలి.' 'పదికి పది మార్కులు.'

"మనోళ్లు ఒక పుస్తకాన్ని గిట్ల మెచ్చుకోంగ నేనెన్నడు సూడలే. ఇండ్ల ఏదో మతలబున్నదక్కా."

ఇంతమంది పనిగట్టుకుని అబద్ధం రాస్తారా అని గద్దించి, ఆమె పుస్తకం లాక్కుంది.

ఆమెది ఉడుం పట్టు. పండుగకు చుట్టాల ఇళ్ల నుంచి బిర్యానీ వస్తే వాసన చూసి పక్కింటికి పంపింది. జొన్నరొట్టె ముక్కతో సరిపెట్టుకుంది. భుజాలు పచ్చి పుండై, ఇక నా వల్ల కాదనిపించిన రోజున ఆఖరి పేజీ తీసి, సగమైన ఆ అత్తను తలుచుకునేది. మళ్లీ సీసాలు అందుకునేది. వానలు వెనకబట్టేసరికి సగమైతే కాలేదు గానీ, పట్టీలు ఆగేంత తగ్గింది. పట్టీలూ చంక కర్రలూ ఇంటికొచ్చాయి.

సకల జనుల సమ్మె మొదలై మళ్లీ రైల్‌రోకో వచ్చింది. పోలీసులు అందర్నీ వ్యాన్లెక్కించారు. పట్టా మీద మళ్లీ బషీరున్నీసా ఒక్కతే. సరళ అనే కానిస్టేబుల్ వంగి ఆమె చంకల కింద చేతులు పెట్టబోయింది.

"చెయ్యి తియ్యి చెల్లె. నేనే లేస్త."

కర్రలు కంకరలో గుచ్చింది. నెలల తరబడి సీసాలెత్తిన చేతులు ఆమెను పైకి లేపాయి. ఓసారి ఊగింది. కానీ పడలేదు. బతుకులో మొదటిసారి పదిమందిలో నిటారుగా నిలబడింది. వ్యానులో ఉన్న శ్రీపాల్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

నడక మొదలైంది. ఓ కర్ర, ఓ కాలు. మళ్లీ కర్ర, మళ్లీ కాలు. కంకరలో కర్ర దిగబడిన ప్రతిసారీ ఆగడం, పీక్కోవడం. పట్టుకోబోతే కసురుతోంది. పేపరువాళ్లు చుట్టూ చేరారు కాబట్టి, తనంతట తాను నడుస్తున్న మనిషిని ఎత్తి పడేయమనడానికి ఏ అధికారికీ నోరు రాలేదు. పోయినసారి ఆమెను ఎత్తినప్పటికన్నా ఎక్కువసేపే రైలు ఆగిపోయింది. మెల్లగా రా అక్కా, తొందరేం లేదని శ్రీపాల్ వ్యానులోంచి కేకేశాడు.

పక్కనే ఎండలో అడుగులో అడుగేస్తున్న సరళ మూలుగుతూ తన నడుం పట్టుకుంది. బషీరున్నీసాకు జాలేసింది.

"నడుం నొప్పా చెల్లె? నా తాన మంచి పుస్తకమున్నది, ఇస్త. దాని వెనుక అందరెంత మంచిగ రాసిండ్రో సూడు."

"గవన్ని రాసింది నేనే అక్కా" అంది సరళ నీరసంగా. "పోయినసారి నిన్నెత్తే ఈ నడుం పోయింది, మళ్ల ఎత్తుడు నాతోటి కాదని మహిపాలన్నతోని నీకు పంపిచ్చిన. పుస్తకమైతే నేను ఒక్క పేజీ సదవలే."