తూదా ఇంటి తెల్లపారుడు

"చచ్చిపోయేలా ఉంది, తొందరగా రండి!" అంది తూదా, తలుపు తీస్తూనే.

పశువుల డాక్టరు మీమూన్ పాకలోకి పరుగెత్తాడు. రెండు రోజుల గొర్రెపిల్ల గడ్డి మీద చతికిలబడి ఉంది. తోకంతా తెల్లటి పారుడు. కళ్లు లోపలికి పోయాయి. నోట్లో వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

కొత్త ప్యాంటుతోనే ఆ తడిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. సూది వేశాడు. గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి సీసాతో కొద్దికొద్దిగా పట్టాడు. పిల్ల వణుకుతోందని కోటు లోపల పెట్టుకుని, "తాగు నాన్నా, తాగు బంగారం" అని బతిమాలాడు.

బంగారం రెండు గుటకలు వేసి ఆయన చొక్కా మీదే పారుకుంది.

తూదా పకపకా నవ్వింది. మొగుడు పోయిన మూడేళ్లలో ఆ ఇంట్లోంచి నవ్వు వినిపించడం అదే మొదలని పక్కింటి ఇజ్జా అవ్వ ఊరంతా చెప్పొచ్చింది.

అట్లాస్ కొండల్లోని ఆ ఊరికి గొర్రెలే బతుకు. కిందటేడు ఈ తెల్లపారుడుకే మూడో వంతు పిల్లలు పోయాయి. అయినా మగాళ్లకు డాక్టరంటే గురి లేదు. సూది పడ్డ పిల్ల ఎదగదని ఊరిపెద్ద హమ్మూ కాఫీకొట్లో కూర్చుని ఎప్పుడో తీర్పు చెప్పేశాడు.

సాయంత్రానికి పిల్ల లేచి తల్లి పొదుగు వెతుక్కుంది. మీమూన్ ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే తూదా ఫోను. "మళ్లీ మొదటికొచ్చింది డాక్టరుగారూ!"

మీమూన్ వచ్చాడు. పాక మూలన గొర్రెపిల్ల. లోతుకుపోయిన కళ్లు, చల్లటి నోరు. మళ్లీ సూది. మళ్లీ ఉప్పునీళ్లు. మళ్లీ బతిమాలడం. మధ్యలో తూదా వేడి రొట్టె మీద వెన్న రాసి, పుదీనా టీతో తెచ్చి పెట్టింది.

మూడో రోజూ అంతే. నాలుగో రోజూ అంతే.

"సాయంత్రం గెంతులేస్తుందండీ, తెల్లారేసరికి ఇదీ వరస" అనేది తూదా, చూపు నేలకేసి.

మీమూన్ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. తోక ఎత్తి చూసేవాడు. "మొండి రోగం. రేపు కూడా రావాలి" అనేవాడు. రెండో రొట్టె అడిగి మరీ తినేవాడు.

పొద్దున్నే రొట్టెలకి పులిసిన పిండి కావాలంటూ, ఉన్ని దుప్పట్లు నిండా కప్పుకుని తూదా ఇంటికి వచ్చే ఆడవాళ్లు ఆయన కనబడగానే గోడ వైపు తిరిగి, దుప్పటి పొట్టకి అదుముకుని దగ్గేవాళ్లు. ఎందుకో ఆ వారం ఊళ్లో ఆడవాళ్లందరికీ దగ్గే.

కాఫీకొట్లో మాత్రం డాక్టరుకి పరువు దక్కలేదు.

"ఏం డాక్టరూ, నీ రోగి ఇంకా పారుకుంటూనే ఉందా?" అన్నాడు హమ్మూ. "దేవుడి దయ, ఈ ఏడు ఊళ్లో ఒక్క పిల్ల పోలేదు. నువ్వు చెయ్యేసిన దానికే తగ్గడం లేదు!"

కొట్టంతా గొల్లుమంది. మీమూన్ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఎనిమిదో రోజు సంత. హమ్మూ ఒక అర్జీ రాయించుకొచ్చి అందరి ముందూ చదివాడు. ఈ డాక్టరు మాకొద్దు, ఇంకొకర్ని పంపండి. కింద నలభై మంది మగాళ్ల సంతకాలు. అది పైకి వెళితే బదిలీ ఖాయం. మీమూన్ మందులపెట్టె సర్దుకోసాగాడు.

"వారం రోజులుగా ఒక్క తోక ఆరబెట్టలేకపోయాడు! ఇలాంటి డాక్టరు ఎవరికి కావాలయ్యా?" అన్నాడు హమ్మూ.

"నాకు కావాలి."

ఉల్లిపాయ బస్తాల మధ్య నుంచి తూదా వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. అడుగు మాత్రం తడబడలేదు.

"మామా, మీకొద్దంటే మానెయ్యండి. నేను పెళ్లి చేసుకుంటాను."

"ఎవర్నే? డాక్టర్నా?"

"కాదు, నిన్ను! అత్త ఒప్పుకుంటుందేమో అడుగు."

సంత సంతంతా విరగబడి నవ్వింది. మీమూన్ చేతిలోని మందుసీసా జారి భళ్లుమంది.

"మరి నన్ను అడగరా?" అన్నాడు సన్నగా.

"అడుగుతున్నాగా! ఇష్టమేనా?"

"పోయిన బుధవారం మీరు నవ్వినప్పట్నుంచీ ఇష్టమే."

ఇజ్జా అవ్వ నాలుక ఆడిస్తూ పెళ్లికూత అందుకుంది. ఆడవాళ్లంతా గొంతు కలిపారు. నలభై మంది పెళ్లాలు తమ మొగుళ్ల వంక చూసిన చూపుకి అర్జీ ఉండచుట్టుకుపోయి, పక్కనే ఉన్న గాడిద నోట్లో పడింది.

నెల తిరక్కుండా పెళ్లయింది. మూడు రోజులు డప్పులు మోగాయి. అందరికంటే ముందు నిలబడి భుజాలు ఎగరేస్తూ ఆడింది హమ్మూయే.

పెళ్లి సందడి అణిగిన పొద్దున, టీ పోస్తూ పోస్తూ తూదా కూజా కింద పెట్టేసింది.

"ఏమండీ, మీకో అబద్ధం చెప్పాను. గుండెలో ముల్లులా ఉంది. తిట్టనంటే చెబుతా."

"చెప్పు."

"అదే... ఆ గొర్రెపిల్ల సంగతి..."

మీమూన్ రొట్టె తుంచుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు: "నువ్వు చూపించినవి ఏడు గొర్రెపిల్లలు. అందులో ఏ ఇంటి గొర్రెపిల్ల సంగతి?"