బెంగకి మార్కులు

"నువ్వు కాస్త బయటికి వెళ్ళమ్మా. తల్లుల ముందు పిల్లలు నిజం చెప్పరు," అంది సర్వే మేడం.

"నేను వెళితే వీడు అసలే చెప్పడు," అంది ఆమె. ఉల్లిపాయల కుప్ప ముందు నుంచి కదల్లేదు. కుళ్ళినవి ఒక బుట్టలోకి, మంచివి ఇంకో బుట్టలోకి చేతులు వాటంతటవే విసురుతున్నాయి. ఎండకి కమిలిన ముఖం, తలగుడ్డ అంచున నెరిసిన వెంట్రుకలు. పొద్దున్నే మొండికేసిన నీళ్ళ మోటారుని విప్పి బిగించి వచ్చింది. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు.

సేద్యం ఇళ్ళలోని కుర్రకారు ఎంత ఒత్తిడిలో ఉన్నారో లెక్క తీయడానికి వచ్చింది మేడం. ఇరవై ప్రశ్నలు, బెంగ ఉందన్న ప్రతిదానికీ ఒక మార్కు. అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చిన ఒక్కరికి టౌన్లో ఆరు నెలలు మోటారు మెకానిక్కు పని నేర్పుతారు. తిండీ పడకా ఉచితం. బాధకి కూడా పోటీ పెట్టారన్నమాట! పెట్టినవాళ్ళకి సిగ్గు లేకపోవచ్చు. సీటు మాత్రం సీటే.

"ఉన్నదున్నట్టు చెప్పరా. ఏడుపొస్తే ఏడువు," అంది ఆమె.

"ఉల్లిపాయల మధ్య ఏడిస్తే మేడం నమ్మరు," అన్నాడు పదిహేడేళ్ళ కుర్రాడు.

మేడం పెన్ను తీసింది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?"

"మొద్దునిద్ర. కరెంటు ఎప్పుడొస్తుందా అని మేలుకునేది ఈవిడ."

"ఒరేయ్!" అంది ఆమె.

"వానల గురించి దిగులుందా?"

"మబ్బుకేసి చూసి లెక్కలేసేది ఈవిడ. నేను పుస్తకంలో లెక్కలేసుకుంటాను."

"చదువు మానేయాల్సి వస్తుందని భయం?"

"మానేసే వంతు నాదాకా రానివ్వలేదు ఈవిడ."

"ఎప్పుడైనా పస్తున్నావా?"

"నేనా? ఆకలి లేదని అబద్ధమాడి తన కంచం నా ముందుకి తోసేస్తుంది. ఈవిడ అబద్ధాలు తినే ఇంత బలిశాను."

"లోపల మంచం పట్టి ఉన్న మీ నాన్న గురించి దిగులుందా?"

"ఒళ్ళు తుడిచేది, పక్కకి తిప్పేది ఈవిడ. నేను కబుర్లు చెప్పి నవ్విస్తానంతే."

కుళ్ళిన ఉల్లిపాయ ఒకటి వచ్చి వాడి భుజానికి తగిలింది.

"నీ నోరు పడిపోను! దారి దొరికితే కాలదన్నుకుంటావా? ఒక్క బెంగైనా ఉందని చెప్పి చావరా!"

"లేనిది ఎలా చెప్పను? ఈవిడ పుణ్యమా అని నాకే లోటూ లేదు మేడం." ఈసారి వాడి గొంతులో వేళాకోళం లేదు.

మిగతా ప్రశ్నలకీ అదే పాట. మేడం చివరి పేజీ తిప్పింది. "ఇరవైకి సున్నా! ఇన్ని ఊళ్ళు తిరిగాను, సున్నా ఎక్కడా చూడలేదు. నీలాంటి అదృష్టవంతుడికి సీటు రాదు బాబూ."

ఆమె చేతులు మొదటిసారి ఆగిపోయాయి.

"సీటు ఏ వయసు వాళ్ళకి మేడం?" అన్నాడు కుర్రాడు.

"పదిహేను నుంచి ఇరవై నాలుగు దాకా. ఆడైనా, మగైనా."

"అయితే ఇంకో కాగితం తీయండి. ఇందాకటి నుంచి ఈవిడ, ఈవిడ అన్నానే, అవన్నీ అందులో వేసి కూడండి. ఆ ఆర్నెల్లూ మోటారు, మబ్బు, నాన్న... అన్నీ నేను చూసుకుంటా. ఈవిడ మా అమ్మ కాదు మేడం, అక్క. మొన్ననే ఇరవై రెండు నిండాయి."