మంగళవారం టికెట్లు

“మంగళవారమా? నీకు మతిగాని పోయిందా అత్తా?”

రోడెల్ చేతిలోని కాగితాలు బల్ల మీద పడేశాడు. హాంకాంగ్‌కి విమానం టికెట్లు మూడు. సోమవారం వెళ్లడం, బుధవారం తిరిగి రావడం. మధ్యలో మంగళవారం, అతని కూతురు ఏడాదిగా కలవరిస్తున్న ఆ పెద్ద ఆటల పార్కు. అల్లుడితో ఒక్క మాటైనా అనకుండా అత్త అన్నీ కొనేసింది. వెనక్కి ఇద్దామంటే చిల్లిగవ్వ రాదు.

“మెల్లిగా. పక్కింటి కోళ్లు బెదురుతున్నాయి,” అంది అత్తగారు ఫెమియా.

మనవరాలికే కాదు, ఇలోయిలో ఊళ్లో ఆ సందు మొత్తానికి ఆవిడ లోలానే, అంటే అమ్మమ్మే. చేపల బజారులో నలభై ఏళ్లు బేరాలాడిన గొంతు. తను చేసిన బేరం తప్పని ఆవిడ ఇంతవరకూ ఒప్పుకున్న పాపాన పోలేదు.

“నీ కూతురికి సెలవు ఏ రోజు?” అన్నాడు రోడెల్ పళ్లు కొరుకుతూ.

“ఆదివారం. హాంకాంగ్ ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లకి దాదాపు అందరికీ అదేగా. నాకు తెలీదనుకున్నావా?”

“తెలిసి కూడా కొన్నావా! మంగళవారం ఎనలిన్ ఎక్కడుంటుంది? మేడమ్ గారి బాబు బండి తోసుకుంటూ ఉంటుంది. మనం ఇంత దూరం ఎగిరి వెళ్లి, దాని మొహమైనా చూడకుండా కొయ్యగుర్రాలెక్కి తిరిగొద్దామా?”

“ఆదివారం విమానం రెట్టింపు, గది రెట్టింపు, పార్కు కూడా ఎక్కువే. నువ్వు జనాన్నెక్కించుకు తోలే ఆ జీప్నీ బండి అంత సంపాదిస్తోందంటే చెప్పు, ఆదివారమే వెళ్దాం. గదిలో నీళ్లు కాచుకోవచ్చట, నూడుల్స్ ఇక్కణ్ణుంచే మోసుకెళ్తాం. ఇంతకన్నా చవగ్గా నన్ను పుట్టించినవాడు కూడా ఏర్పాటు చెయ్యలేడు.”

“చవకే! చవక్కి పోయి నా పెళ్లాన్ని వదిలేశావు!”

ఆరేళ్ల జెలాయ్ కరకరలాడే బిస్కోచో రొట్టె కొరుకుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అమ్మ రాదా లోలా?”

“ముందు నువ్వు తిను,” అంది లోలా.

రోడెల్ పిల్ల వైపు చూశాడు. పిల్ల తల్లి ఒళ్లో కూర్చుని మూడేళ్లయింది. ఫోన్ అద్దానికి బుగ్గ ఆనించి అమ్మ ముద్దు తీసుకోవడం దానికి అలవాటైపోయింది. ఆ అలవాటు చూసినప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది. ఈ ఒక్కసారైనా పిల్లని తల్లి చేతికి అందించాలని అతను ఆ ఏడాదంతా రెండు షిఫ్టులు జీప్నీ తోలాడు.

లోలా లోపలికెళ్లి ఒక సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించింది. పసుప్పచ్చ చొక్కాలు, వీపున ఇంటిపేరు అచ్చేసినవి. కుటుంబమంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కోకుండా ఊరి పొలిమేర దాటే అలవాటు ఆ సందులో ఎవరికీ లేదు. కానీ ఈ పసుపు మరీ దారుణంగా ఉంది.

“ఇదేం రంగత్తా? కళ్లు పోయేలా ఉన్నాయి.”

“జనంలో దూరం నుంచి కనపడాలి.”

“ఎవరికి?”

లోలా చొక్కాల మడతలు సరిచేసింది. బల్ల మీదున్న ఫోన్ వైపు ఒకసారి చూసింది. పొద్దుట్నుంచీ అలాగే చూస్తోంది.

రోడెల్ మళ్లీ కాగితాలు తిరగేశాడు. పార్కు టికెట్లు కూడా మూడే. తనకి, పిల్లకి, అత్తకి.

“పోనీ, ఎలాగోలా బతిమాలి ఒక్క పూట సెలవు తెచ్చుకుంటుందనుకుందాం. మరి ఎనలిన్ టికెట్ ఏది?”

“దానికి కొనలేదు. దండగ.”

“దండగా!” రోడెల్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “కన్నకూతురికి టికెట్ దండగా? నీకూ బజారులో ఐసుగడ్డకీ తేడా లేదత్తా! పార్కూ వద్దు, ఈ చొక్కాలూ వద్దు. నేను రాను. జెలాయ్ కూడా రాదు.”

“రాకపోతే నీ చొక్కా పక్కింటి మేకకి తొడుగుతాను. దానికైనా కాస్త ఓపిక ఉంది.”

అప్పుడే ఫోన్ మోగీ మోగనట్టు టింగుమంది. లోలా అందుకుంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం చదివింది. చదివి ఫోన్ బల్ల మీద పెట్టింది. భుజం మీది పాత తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. ఆ గడుసు మనిషి ఏడవడం రోడెల్ ఎప్పుడూ చూడలేదు. అతని కోపం సగం దిగిపోయింది.

“ఏమైందత్తా? ఎవరికేమైంది?”

“ఏమీ కాలేదు. నా బేరం తప్పలేదు, అంతే. టికెట్ చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దంది నీ పెళ్లాం. నీకు చెప్తే సాయంత్రానికల్లా జీప్నీ స్టాండంతా టముకు వేస్తావు. ఈ పిల్ల ఆశపడుతుంది. తీరా జరక్కపోతే దాన్ని ఎవరు ఓదార్చాలి?”

“ఏది జరక్కపోతే?”

లోలా ఒక పసుప్పచ్చ చొక్కా తీసి జెలాయ్ తల మీంచి తొడిగింది. పిల్ల జుట్టు సవరించి, వెనక్కి జరిగి, బజారులో పెద్ద చేప అమ్మిన రోజు నవ్వే నవ్వు నవ్వింది.

“నువ్వన్నది నిజమే అల్లుడూ. మంగళవారం నా కూతురు మేడమ్ గారి బాబు బండి తోసుకుంటూనే ఉంటుంది. ఆ రోజు వాడి పుట్టినరోజు. మేడమ్ వాళ్లే ఎనలిన్‌కి కూడా టికెట్ కొని మరీ తీసుకెళ్తున్నారు, ఆ పార్కుకే!”