వీరాస్వామి చెప్పిన మాట

“ఇంక దీని మీద ఎంత పెట్టినా దండగేనండి బాబుగారూ.”

మెకానిక్ వీరాస్వామి కారు బానెట్ కిందికి దించకుండానే చెప్పాడు. గణేష్‌బాబు నడుం మీద చేతులు పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడంపక్క గోడకి ఆనించి ఉన్న టైరు కాలికి తగిలి తూలాడు. చప్పున కారు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

నాగదుర్గ చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. షెడ్డులో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. రెండు ఆటోలు మారి పాలకొల్లు వచ్చేసరికే ఆమె ఓపిక అయిపోయింది.

“అదేంటయ్యా, మొన్నటిదాకా నడిచిన బండేగా!” అన్నాడు గణేష్‌బాబు.

“నడిచిందండి. పదిహేడేళ్ళు నడిచింది.”

“ఇంజన్ దింపి పని చేయిస్తే?”

“లాభం లేదండి.”

“పోనీ, ఇంజనే మార్చేద్దాం. రాజమండ్రిలో దొరకదా?”

“ఇంజనొక్కటే అయితే మార్చొచ్చండి. కింద రేకంతా తుప్పు తినేసింది. రొయ్యల మేత బస్తాలు, చెరువు ఉప్పునీళ్ళు… మీకు తెలియందేముందండి.”

గణేష్‌బాబు గొంతు పెంచాడు. “అంటే ఏం చేసినా ఇంక ఇది రోడ్డెక్కదంటావు.”

“ఆయ్.”

“విన్నావా దుర్గా? రోడ్డెక్కదంట.”

“విన్నానండి,” అంది నాగదుర్గ నేల చూస్తూ.

ఆమెకిది కొత్త సంగతేమీ కాదు. అలా చెప్పమని నిన్న వచ్చి అడిగింది తనే. రేకు తుప్పు తినేసిందన్న మాట మాత్రం వీరాస్వామి సొంతంగా కలిపాడు.

నిజానికి కారుకి పోయింది క్లచ్ ప్లేటు. ఒక్కపూట పని. నిన్న మోకాళ్ళ మందులకని ఇంట్లో చెప్పి ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు వీరాస్వామే ఆ సంగతి చెప్పాడు.

“బాగుచెయ్యకు వీరాస్వామీ,” అంది ఆమె. “పనికిరాదని చెప్పెయ్యి. నేను చెప్పమన్నానని మాత్రం ఆయనకి తెలియనివ్వకు.”

చేతికొచ్చిన ఏ బండినీ అంత తేలిగ్గా వదిలిపెట్టే మనిషి కాడతను. ఎందుకని అడుగుతాడనుకుంది. కోప్పడతాడేమోనని కూడా అనుకుంది. అతను గుడ్డకి చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆమె వంక చూసి, “ఆయ్,” అన్నాడు. అంతే.

అడిగుంటే చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. నెల క్రితం కాలవ గట్టు మీద ఎడమ చక్రం గడ్డిలోకి దిగిపోయింది. ఆమె కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు, నీళ్ళే. “స్టీరింగ్ లాగేస్తోంది,” అన్నాడు గణేష్‌బాబు. తర్వాత నాలుగు రోజులకి, ఎడంపక్క సైకిల్ మీద వస్తున్న మనిషి కేకపెడితే గాని ఆపలేదు. “బ్రేకులు చూపించాలి,” అన్నాడు. మజ్జిగ గ్లాసులో పోసుకోబోయి బల్ల మీద పోసిన రోజు కారు మీద నెపం పెట్టడానికి వీల్లేక నవ్వేశాడు. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చి, “ఈ వయసుకి మామూలేనంట,” అని చీటీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ముప్పై నాలుగేళ్ళుగా తనను ఎక్కించుకుని తిప్పిన మనిషి. మొదట సైకిలు, తర్వాత మోటారు సైకిలు, ఆ తర్వాత ఈ కారు. ‘మీకు కనపడటం లేదండీ’ అని మొహం మీద ఎలా అనగలదు? ఏ పూట కారు బయటికి తీసినా, మళ్ళీ గేటు చప్పుడయ్యేదాకా ఆమెకి ప్రాణం కుదుటపడేది కాదు. ఆ భయంతో అలిసిపోయింది. అందుకే లోపం కారు మీదికి తోసేసింది.

ఇంకొక్క గండం మిగిలింది.

“కొత్తది కొందామంటారా?” అని అడిగింది మెల్లగా.

“కొత్తదా!” గణేష్‌బాబు కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించాడు. “ఇప్పుడన్నీ స్క్రీన్లూ బటన్లూనూ. అవన్నీ ఎవడు నేర్చుకుంటాడు? దీంతోనే సరి. ఎటొచ్చీ నీకే ఇబ్బంది. కొవ్వూరు మీ అక్కగారింటికి ఎలా వెళ్తావు? ఆ మోకాళ్ళతో బస్సెక్కగలవా?”

“మన సత్తియ్య ఆటో ఉందిగా.”

“ఆ ఆటోలో అటూ ఇటూ ఊగిపోతావు.”

“మీరు పక్కనే ఉంటారుగా. పట్టుకోండి.”

“పెళ్ళైన కొత్తలో పట్టుకుంటే చెయ్యి తోసేసేదానివి.”

“ఏవండీ! వీరాస్వామి ఉన్నాడు.”

“నేనేం వినలేదండి,” అన్నాడు వీరాస్వామి బానెట్ దించుతూ.

ముగ్గురూ నవ్వారు. గణేష్‌బాబు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కారు తాళం వీరాస్వామి చేతిలో పెట్టి, “ఎవరైనా విడిభాగాలకి అడిగితే ఇచ్చెయ్యి,” అన్నాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. భార్య వైపు చూడకుండా, “నువ్వు కూర్చో, ఆటో పిలుచుకొస్తాను,” అని ఎడం చేత్తో గోడ తడుముకుంటూ బయటికి నడిచాడు.

నాగదుర్గ కుర్చీ చేతులు పట్టుకుని కష్టం మీద లేచింది.

“నీచేత అబద్ధం ఆడించాను వీరాస్వామీ. ఆయన మొహం చూశావుగా. ప్రాణంలో ప్రాణంగా చూసుకున్న బండి. ఇంటికెళ్ళాక కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేద్దామనిపిస్తోంది.”

“వద్దమ్మా, చెప్పకండి.”

“ఎందుకని?”

వీరాస్వామి ఒకసారి రోడ్డు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“మీకన్నా ముందే బాబుగారొచ్చి ఇలాగే చెప్పమన్నారండి.”