ముద్ర పడిన చీటీ

లెక్కల నోటుబుక్కు మధ్యలో నాలుగు మడతలు పెట్టి దాచిన చీటీ సవీనా కంటపడింది.

'ప్రియమైన తల్లిదండ్రులారా, మీ బిడ్డ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉంది' అని మొదలైంది. లెక్కల్లో వెనకబడిన పిల్లలను జూన్ పరీక్షకు సిద్ధం చేస్తామనీ, మొదటి వారం ఉచితమనీ 'కొత్త మెట్టు' అనే ట్యూషన్ కేంద్రం వాళ్ళు రంగుల్లో అచ్చువేశారు. అడుగున ఎవరో నీలిసిరాతో పూరించారు: జెనోవియా లుపాష్కు, ఎనిమిదో తరగతి. లెక్కలు బలహీనం. పక్కనే బడి గుండ్రటి ముద్ర.

"ఇదెప్పుడిచ్చారు?"

వంటగదిలో బంగాళాదుంపల చెక్కు తీస్తున్న జెనోవియా తలెత్తలేదు. "సోమవారం."

"ఇవాళ గురువారం. ఈ మూడు రోజులూ కడుపునొప్పని పడుకున్నది ఇందుకా?"

చాకు కింద తొక్కతో పాటు దుంప కూడా ఊడిపోతోంది.

"నా వల్ల కాదమ్మా. నన్నొదిలెయ్."

సవీనా కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసి వచ్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా కూర్చోలేదు. జెనోవియాను ఆ బడి గడప తొక్కించడానికి రెండేళ్ళు పోరాడింది తను. బతిమాలింది, అలిగింది, ఎర్ర సంచీ ఒకటి కొనిచ్చింది. సెప్టెంబరులో మొదటిరోజు గేటు దాకా వెంట వెళ్ళి, లోపలికి అడుగుపెట్టేదాకా వానలో నిలబడింది. ఆ తర్వాత మూడు నెలలూ సాయంత్రం పూట ఇంట్లో బడి కబుర్లే. మ్యాపులో డాన్యూబ్ నదిని తనే చూపించానని ఒకరోజు ఎంత మురిసిపోయిందో.

"ఇది బడి మాట కాదమ్మా. సరుకు అమ్ముకునేవాళ్ళ మాట," అంది సవీనా.

"మరి ముద్ర ఎవరిది?"

సవీనా చీటీని దీపం దగ్గరికి పట్టుకుని చూసింది. ముద్ర బడిదే.

"నేను మొద్దునని బడే చెప్పింది. నోటితో చెప్తే చాలదని ముద్ర వేసి మరీ చెప్పింది." జెనోవియా మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "క్లాసులో అందరి ముందూ చేతికిచ్చారు. కొందరికే ఇచ్చారు."

ఆ పూట మొక్కజొన్న సంకటి వండి చెక్క పలక మీద బోర్లించింది సవీనా. దారంతో ఎనిమిది ముక్కలుగా కోసింది. మూడు తన పళ్ళెంలోకి తీసుకుంది.

"ఇప్పుడెంత మిగిలింది?"

"ఎనిమిదింట అయిదు," అంది జెనోవియా విసుగ్గా.

"అందులోంచి సగం తీస్తే?"

జెనోవియా పెదవులు కదిలాయి. "పదహారింట అయిదు." వెంటనే ముఖం ముడుచుకుంది. "ఇక్కడైతే వస్తుంది. అక్కడ బోర్డు ముందు నిలబెడితే వచ్చింది కూడా పోతుంది."

మర్నాడు సవీనా షిఫ్టు మార్చుకుని బడికి వెళ్ళింది.

ఉప ప్రధానోపాధ్యాయుడు కోజోకారు ఆ బడికి వచ్చి పది రోజులే అయింది. బల్ల మీద అవే చీటీలు, కట్టలు కట్టలుగా ఉన్నాయి. సవీనా తన చేతిలోది వాటి పక్కన పెట్టింది.

"మేం అందజేస్తామంతే. చేరమని బలవంతమేం లేదండీ," అన్నాడు.

"ముద్ర ఎందుకు వేశారు?"

"బడి ద్వారా వెళ్ళిందని గుర్తు."

"బలహీనం అని రాసిందెవరు?"

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "వాళ్ళు జాబితా అడిగారు. ఆఫీసులో మార్కులు చూసి ఇచ్చారు. లేబరేటరీకి కంప్యూటర్లు ఇస్తామన్నారు వాళ్ళు. మన పిల్లలకేగా మేలు?"

"ఇంట్లో ఏడుస్తోందండీ. బడి మానేస్తానంటోంది."

"పిల్లలన్నాక ఏడుస్తారు. రెండు రోజుల్లో వాళ్ళే మర్చిపోతారు."

"తను మర్చిపోదు." సవీనా గొంతు పెరిగింది. "ఇంతకుముందొకసారి ఇలాగే మానేసింది. నువ్వు లెక్కలకు పనికిరావని ఎవరో టీచరు అన్నందుకు."

"అయ్యో. అప్పుడు మీరేం చేశారు?"

"అప్పుడు నేను లేను."

కోజోకారు అర్థమైనట్టు తలూపాడు. ఆ బొటొషాన్ ఊళ్ళో సగం ఇళ్ళు ఇటలీకి పనులకెళ్ళినవాళ్ళ సంపాదన మీదే నడుస్తున్నాయి. "మిమ్మల్ని తప్పుపట్టట్లేదు. బతుకుతెరువు కోసం ఎక్కడికో వెళ్ళాల్సి వస్తుంది. ఇప్పుడు దగ్గరున్నారు కదా, అదే చాలు."

సవీనా సరిదిద్దలేదు. ఆ సంగతి చెప్పడానికి రాలేదు తను.

"నాకో కాగితం కావాలి," అంది. "ఆ చీటీ బడి మాట కాదని, జెనోవియా పేరు మీద రాసివ్వండి. దాని మీద కూడా అంతే పెద్ద ముద్ర వెయ్యండి. అది చేతిలో పెడితేనే సోమవారం బడికొస్తుంది."

"ఇలాంటి కాగితం ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ."

"నేను అడుగుతున్నాను. ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కోజోకారు చీటీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ నీలిసిరా రాతను వేలితో ఒకసారి తడిమాడు. కట్టలన్నీ తీసి సొరుగులోకి తోసేశాడు.

"నిజమే. ఇలా పేరు పెట్టి రాసుండకూడదు," అన్నాడు మెల్లగా. "ఇస్తాను. కానీ అర్జీ లేకుండా నేనేదీ ఇవ్వలేను. ఇది పూర్తి చెయ్యండి."

సవీనా ఫారం దగ్గరికి లాక్కుని గబగబా నింపింది. విద్యార్థిని పేరు, పెద్దల విభాగంలో తరగతి, ఇంటి చిరునామా.

ఆ తర్వాత 'విద్యార్థినికి మీరేమవుతారు?' అన్న గడిలో 'కూతురు' అని రాసింది.