వాల్యుయర్ వచ్చిన రోజు

శుక్రవారం వాల్యుయర్ వస్తున్నాడని హరిబాబు చెప్పినప్పటి నుంచి చంద్రరావు కార్ల షెడ్డు వదల్లేదు.

హరిబాబు తండ్రి జానకిరామ్ గారు పోయి రెండు నెలలయింది. ఆయన ముచ్చటపడి కొన్న ఏడు కార్లూ నరసాపురానికి పది కిలోమీటర్ల దూరంలో, వాళ్ల కొబ్బరితోటలోనే ఉన్నాయి. అవి అమ్మితే గానీ అన్నదమ్ముల పంపకాలు తెమలవు. విలువ కట్టేవాడు వచ్చేలోగా బళ్లన్నీ స్టార్టవ్వాలి, తళతళలాడాలి, కాగితాలు చేతికందాలి. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఇంటి డ్రైవరు కనక ఆ పనంతా చంద్రరావు మీదే పడింది.

నాలుగు రోజులు ఒక్కడే చాకిరీ చేశాడు. బ్యాటరీలు మార్చాడు. టైర్లకి గాలి కొట్టాడు. ఉప్పుగాలికి బంపర్ల మీద లేచిన తుప్పుని రుద్ది రుద్ది వదిలించాడు. తెల్ల అంబాసిడర్‌ని ఆఖరికి ఉంచాడు. నిజానికి దానికి చేయాల్సిందేమీ లేదు. అయినా వెనక తలుపు దగ్గర చాలాసేపు అలా నిలబడిపోయాడు. వంటమనిషి సువార్తమ్మ టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచాక గానీ కదల్లేదు.

వాల్యుయర్ సురేష్‌బాబు రాజమండ్రి నుంచి పొద్దున్నే వచ్చాడు. టార్చి వేసుకుని ఒక్కో బండీ చూస్తూ అంబాసిడర్ దగ్గరికొచ్చాడు. మీటరు చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు.

“ముప్పై ఏళ్ల బండి పదకొండు వందల కిలోమీటర్లేనా? సీటు మీద కంపెనీ కవరు కూడా తియ్యలేదేంటండీ?”

“నాన్నగారు ఎవర్నీ ఎక్కనిచ్చేవారు కాదండి,” అన్నాడు హరిబాబు గర్వంగా. “నేనే ఎక్కలేదు.”

వారానికోసారి ఇంజను ఆడించి గేటుదాకా తిప్పి తేవడం, తుడిచి పెట్టడం తప్ప తానూ ఏమీ చేయలేదని చంద్రరావు చెప్పాడు.

తన సర్వీసులో ఇంత శుభ్రమైన బండి చూడలేదన్నాడు సురేష్‌బాబు. అనుకున్నదానికి మూడింతలు పలుకుతుందన్నాడు. హరిబాబు మొహం వెలిగిపోయింది.

“అంతా నీ చలవే చంద్రరావూ. ఇంక నాన్నగారు లేరుగా, ఒక్కసారి వెనక కూర్చో.”

చంద్రరావు చెప్పులు విడిచి ఎక్కాడు. కూర్చోలేదు. వంగి, ఈ తలుపు నుంచి ఆ తలుపుదాకా సీటుని జానలతో కొలిచాడు. ఆరు జానలు.

“మనిషి పడుకోడానికి సరిపోద్దండి,” అన్నాడు మెల్లిగా. “కాళ్లు కాస్త ముడుచుకుంటే చాలు.”

హరిబాబు వినలేదు. అప్పటికే అన్నయ్యకి ఫోను కలుపుతున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట, సీటు పాడవుతుందని జానకిరామ్ గారు వద్దన్న రోజున, పురిటినొప్పులతో చంద్రరావు భార్య చిట్టెమ్మ నరసాపురం చేరకుండానే దారిలో, రిక్షాలో కన్నుమూసినప్పుడు, ఈ బండి తాళం అతని జేబులోనే ఉంది.